1793 యుద్ధ పటం గూగుల్ మ్యాప్ మీద కుదరట్లేదు, అంటే డూప్లికేటా? – నా సమాధానం

ప్రశ్న అడిగినాయనది ప్రొద్దుటూరు. ఆయన అడిగింది క్లుప్తంగా చెప్తా, మిగతావాళ్ళకి కూడా అర్థమవుతుంది. వాళ్ళ తాతగారి ట్రంకు పెట్టెలో అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికిందట, లోపల మడతలు పెట్టిన పటాలు ఎనిమిదో తొమ్మిదో ఉన్నాయంట, టిప్పు సుల్తాన్ మీద 1791–92లో జరిగిన యుద్ధానివి, పటం కింద సన్నటి అక్షరాల్లో 1793 అని ఉంది. అందులో పెద్ద పటాన్ని ఫోన్లో ఫోటో తీసి గూగుల్ మ్యాప్ మీద పరిస్తే గుర్రంకొండ మూడు కిలోమీటర్లు పడమటికి పోతోందట. ఈ లోపల బెంగళూరు నుంచి ఒకాయన, పటాలు విడివిడిగా కోసిస్తే ఒక్కోదానికి ఇంత అని రేటు కడతానన్నాడంట. కుదరట్లేదు కాబట్టి ఇది నకిలీయేనా, అమ్మేయమంటారా అని ప్రశ్న.

ముందు జవాబు. కుదరనంత మాత్రాన అది డూప్లికేట్ కాదు. 1793 పటం గూగుల్ మీద అచ్చుగుద్దినట్టు కూర్చుంటే అప్పుడు నేను అనుమానపడతా. ఒరిజినలా కాదా అనేది కాగితాన్ని, అచ్చుని చూసి తేల్చాలి, కొలతలు చూసి కాదు. అమ్మడం అమ్మకపోవడం మీ ఇష్టం, కానీ ఆ పుస్తకానికి బ్లేడు మాత్రం తగలనీయొద్దు.

నేను అనంతపురం జిల్లాలో సర్వే డిపార్టుమెంటులో ముప్పై ఏళ్ళ పైన చేసి రిటైరయినా. గొలుసు, క్రాస్ స్టాఫ్, ఎఫ్ఎంబీ అనే పొలాల కొలతల పుస్తకం, మూడు ఊర్ల హద్దులు కలిసే చోట పాతిన ట్రైజంక్షన్ రాళ్ళు, వీటితోనే బతుకంతా గడిచింది. పాత యుద్ధ పటాల మీద ఇష్టం ఉద్యోగంలో ఉన్నప్పుడే పట్టుకుంది, ఎందుకంటే హద్దు తగాదాల కోసం పాత రికార్డు వెతుకుతూ వెతుకుతూ వెనక్కి పోతే మన దత్తమండలాల్లో సర్వే అనేది సైన్యం నడిచిన దారుల వెంబడే మొదలైందని తెలిసింది. అప్పటినుంచి దొరికినవి కొన్నా, కొనలేనివి నకళ్ళు తీయించుకున్నా, సెలవు దొరికితే ఆ నకలు పట్టుకుని ఆ కోట దగ్గరికే పోయి నిలబడి చూసినా.

ఇక ఆ మూడు కిలోమీటర్ల సంగతి. ఇది తూర్పు పడమర తేడా అన్నారు కదా, అంటే రేఖాంశం తేడా. మన పక్క ఒక డిగ్రీ రేఖాంశం అంటే 108 కిలోమీటర్లు సుమారు, దాన్ని అరవైతో భాగిస్తే ఒక నిమిషం అంటే 1.8 కిలోమీటర్లు. మీ మూడు కిలోమీటర్లు రెండు నిమిషాలు కూడా కాదు. ఆ రోజుల్లో రేఖాంశం అంటే టైము తేడా, ఇక్కడి టైముకీ గ్రీనిచ్ టైముకీ తేడా ఎంతో కనుక్కుంటేనే రేఖాంశం వస్తుంది, దానికి గురుగ్రహం చుట్టూ తిరిగే చందమామలు ఎప్పుడు మాయమవుతున్నాయో దుర్భిణీలో చూసి లెక్క కట్టేవాళ్ళు, లేదంటే క్రోనోమీటర్ గడియారాన్ని నమ్ముకునేవాళ్ళు. ఆ లెక్కలో ఒక్క సెకను తప్పితే నేల మీద 450 మీటర్లు జరిగిపోతుంది. అంటే మీ పటంలో మొత్తం తప్పు ఏడు సెకన్లు కూడా లేదు. యుద్ధం మధ్యలో, ఎద్దుబండ్లు డేరాల నడుమ, చేతి లెక్కలతో చేసిన పనికి ఏడు సెకన్లంటే అది తప్పు అనాలనిపించదు నాకు, దండం పెట్టాలనిపిస్తుంది.

పైగా 1793 నాటికి మన పక్క త్రిభుజాల సర్వే లేదు, అంటే ఒక గీతని నేల మీద కచ్చితంగా కొలిచి, దాన్నుంచి కోణాలతో మిగతా చోట్లు లెక్కకట్టే పద్ధతి. ఆ సర్వే నడిపిన ల్యాంబ్టన్ దొర మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర తొలి గీత, అంటే బేస్‌లైన్, కొలవడం మొదలుపెట్టింది 1802 ఏప్రిల్ 10న. ఆ లెక్కని లోపలికి తెస్తూ తెస్తూ మన గుత్తి దగ్గర బేస్‌లైన్ కొలిచింది 1811లో. దాని తర్వాతే గుత్తి, అనంతపురం, కర్నూలు ఇవన్నీ గట్టి చట్రంలోకి వచ్చినాయి. దానికి ముందు గీసినవన్నీ దారి సర్వేలు. పెరాంబులేటర్ అని ఒక చక్రం ఉంటుంది, దాన్ని సైన్యంతో పాటు దొర్లించుకుంటూ పోతారు, ఎన్ని చుట్లు తిరిగిందో లెక్క పెడితే దూరం వస్తుంది, చేతిలో దిక్సూచితో మలుపు మలుపుకీ దిక్కు రాసుకుంటారు, పక్కన కనపడే గుట్టలకి కూడా దిక్కు కొట్టుకుంటారు. చక్రం గుంతలో దిగినా, వంక దాటినా, దారి వంకర్లు పోయినా దూరం ఎక్కువే వస్తుంది, తక్కువ రాదు. అందుకని వంకర్లకి ఇంత అని అంచనాగా తగ్గించుకునేవాళ్ళు.

పటంలో తప్పు ఎంతుంది అనేదాని కన్నా తప్పు ఎక్కడెక్కడ ఎంతెంత ఉంది అనేది చూడాలి. నేను ఇన్నేళ్ళలో నేర్చుకున్నది ప్రధానంగా ఇదే. సైన్యం నడిచిన దారి వెంబడి ఊర్లు దాదాపు సరిగా పడతాయి, దారికి అటూ ఇటూ కనుచూపు మేర గుట్టలు పర్వాలేదు, దాన్ని దాటినాక ఊర్లు ఎక్కడెక్కడికో పోతాయి, ఎందుకంటే అవి చూసి గీసినవి కావు, ఎవరో చెప్తే విని గీసినవి. ఈ ఊరు ఇక్కడికి మూడు కోసులు అని బాట పక్కన రైతు చెప్తే ఆ మూడు కోసుల్ని మైళ్ళు చేసి ఒక చుక్క పెట్టేస్తారు. కాబట్టి మీరు ఒక్క గుర్రంకొండ చూసి ఆగిపోకుండా, ఒక ఇరవై ఊర్లు, కోటలు తీసుకుని ఏది ఎంత జరిగిందో ఒక కాగితం మీద రాయండి. అన్నీ ఒకే పక్కకి ఒకే కొలతలో జరిగితే అది రేఖాంశం తప్పు, మొత్తం పటాన్ని పక్కకి జరిపితే సరిపోతుంది. కొన్ని సరిగా ఉండి కొన్ని అడ్డదిడ్డంగా ఉంటే మాత్రం మీ చేతిలో నిధి ఉన్నట్టే, సరిగా పడిన ఊర్లన్నిటినీ కలుపుతూ గీత గీయండి, సర్వేయర్ యాడ నడిచినాడో మీకు కళ్ళ ముందు కనపడుతుంది.

ఫోన్లో పైపైన పరిచి చూసేదానికన్నా క్యూజీఐఎస్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో పాత పటాన్ని ఇప్పటి పటం మీద కుదిర్చే జియోరెఫరెన్సర్ వాడండి. కింద పెట్టుకోవడానికి సర్వే ఆఫ్ ఇండియా షీట్లు తీసుకోండి, ఓపెన్ సిరీస్ షీట్లు ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. పాత నెంబర్ల లెక్కలో అయితే మనదంతా 57 కిందికి వస్తుంది, కర్నూలు 57 ఐ, గుత్తి 57 ఈ, అనంతపురం 57 ఎఫ్, కడప గండికోట రెండూ 57 జె. (పాత టోపోషీట్లు భూమి ఆకారానికి ఎవరెస్ట్ అనే పాత లెక్క మీద గీసినవి, అవి కూడా గూగుల్ మీద పెడితే కొంత జరుగుతాయి, అది చూసి కంగారు పడొద్దు.) రెండు పటాల్నీ కలిపే గుర్తుల పాయింట్లు దేన్ని తీసుకోవాలి అనేదాంట్లో చాలామంది పొరపాటు పడతారు. ఊరు పేరు కనపడగానే ఊరి మధ్యలో చుక్క పెట్టేస్తారు. మన సీమలో ఊర్లు జరుగుతాయి. శ్రీశైలం డ్యామ్‌లో ఎన్ని మునిగినాయి, గండికోట ప్రాజెక్టులో ఎన్ని మునిగినాయి, ఆ పేర్లతోనే ఇంకో చోట కాలనీలు కట్టినారు, ఇప్పుడు గూగుల్ ఆ కాలనీనే చూపిస్తుంది. నది ఒడ్డు పెట్టుకోవద్దు, పెన్న ఒక్కో ఏడు ఒక్కో పక్కకి పారుతుంది. చెరువు కట్ట, గుట్ట మీది కోట, కనుమ, పాత గుడి, ఈ నాలుగూ కదలవు. అందులో నాకు చెరువు కట్ట అంటే మహా నమ్మకం, రాయలకాలం నాటి కట్టలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, పాత పటాల్లో కూడా చెరువులు శ్రద్ధగా గీసేవాళ్ళు, ఎందుకంటే వేల ఎద్దులకి, గుర్రాలకి నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో సైన్యానికి అదే మొదటి ప్రశ్న.

ఇంకో హెచ్చరిక. ఆ సాఫ్ట్‌వేర్‌లో థిన్ ప్లేట్ స్ప్లైన్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, అది పటాన్ని రబ్బరు షీటు లాగా సాగదీసి మీరు పెట్టిన ప్రతి పాయింటునీ బలవంతంగా కుదిర్చేస్తుంది. చూడ్డానికి భలే ఉంటుంది. నా దగ్గరికి ఆదోని ముట్టడి మీద పనిచేసే ఒక పిల్లోడు వచ్చినాడు, 1786లో టిప్పు ఆదోనిని పట్టుకున్నప్పటి సంగతి, ఒక పాత స్కెచ్ పట్టుకుని ఇలాగే సాగదీసి తెచ్చినాడు, తప్పు సున్నా సార్ అని సంతోషపడుతున్నాడు. దగ్గరగా పెద్దది చేసి చూస్తే ఫిరంగులు పెట్టిన మెట్ట పోయి చెరువు నీళ్ళ నడిమధ్య కూర్చునింది. పాయింట్లు కుదిరినాయి, యుద్ధం మునిగిపోయింది. మొదట మామూలు లీనియర్ లేదా ఫస్ట్ ఆర్డర్ పెట్టండి, అవి పటాన్ని రబ్బరు లాగా సాగదీయవు, మిగిలే తప్పుల పట్టిక దాచి పెట్టుకోండి, ఇందాక చెప్పినట్టు ఆ పట్టికలోనే అసలు కథ ఉంటుంది.

ఫ్రెంచి పటాలు ఎవరి దగ్గరైనా ఉంటే ఒక మాట. వాటిలో రేఖాంశం పారిస్ నుంచి లెక్కపెట్టినది అయ్యుండొచ్చు, గ్రీనిచ్ నుంచి కాదు. తేడా 2 డిగ్రీల 20 నిమిషాలు. తెలీక గ్రీనిచ్ అనుకుని పెడితే 250 కిలోమీటర్లు పడమటికి పోయి మన కర్నూలు గదగ్ పక్కన తేలుతుంది. స్కేలు కూడా గజాల్లో కాకుండా త్వాజ్ అనే కొలతలో ఉండొచ్చు, ఒక త్వాజ్ 1.949 మీటర్లు.

సరే, ఇప్పుడు ఒరిజినలా కాదా అనేది. మీరు పటం కింద సన్నటి అక్షరాలు అన్నారే, అది ముఖ్యం. ఇంగ్లండులో 1735 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ఒకటి ఉంది, చెక్కిన ప్రతి బొమ్మ కింద ప్రచురించిన తేదీ, హక్కుదారు పేరు వేయాలి అని. అందుకే ఆ కాలం పటాల అడుగున చట్టం ప్రకారం ఫలానా తేదీన ప్రచురించినది అని ఉంటుంది. ఆ యుద్ధంలో స్వయంగా ఉన్న మేజర్ డిరోమ్ రాసిన పుస్తకం సరిగ్గా 1793లోనే లండన్లో వచ్చింది, పటాలు ప్లాన్లతో సహా. మీది అదే అని ఫోటో చూడకుండా నేను అనను. అట్ట, మొదటి పేజీ పోయినా బాధలేదు, ఆ కాలం పుస్తకాల్లో పటాలు ఏ పేజీ పక్కన కుట్టాలో బైండర్‌కి చెప్పే పట్టిక ఒకటి వేసేవాళ్ళు, ముందు గానీ చివర గానీ వెతకండి, అది దొరికితే ఎన్ని పటాలుండాలి, మీ దగ్గర ఎన్ని ఉన్నాయి ఇప్పుడే తేలిపోతుంది. వెన్ను దగ్గర వేలితో తడిమి చూడండి, ఒక అంగుళం వెడల్పున కాగితం ముక్క ఒంటిగా మిగిలి ఉంటే ఆడ ఎవరో ముందే ఒక పటం కోసేసినారని అర్థం.

ఒక పటాన్ని మెల్లగా విప్పి కిటికీ దగ్గర వెలుతురుకి అడ్డంగా పట్టుకోండి. ఎండ నేరుగా వద్దు, పొద్దున వెలుతురు చాలు. కాగితం లోపల చాప అల్లినట్టు సన్నటి గీతలు, వాటికి అడ్డంగా వేలెడు ఎడంతో ఇంకొన్ని గీతలు కనపడితే అది పాత పద్ధతి కాగితం. గీతలేమీ లేకుండా మబ్బు మబ్బుగా ఉన్నా అప్పటిదే అయ్యుండొచ్చు, అప్పటికే ఆ రకం కూడా వచ్చింది. లోపల వాట్మన్ లాంటి కాగితం తయారుచేసినవాళ్ళ పేరు నీటిగుర్తుగా కనపడొచ్చు. నీటిగుర్తులో సంవత్సరం వేయడం ఇంగ్లండులో 1794 చట్టం తర్వాతే మామూలైంది. కాబట్టి మీ పటం కింద 1793 ఉండి కాగితంలో 1801 అని కనపడిందనుకోండి, అది నకిలీ అని కాదు, అదే రాగిరేకుతో తర్వాత మళ్ళీ అచ్చు వేశారని. రాగిరేకు ఉన్నంతకాలం వేస్తూనే ఉంటారు. గీతలు పలచబడి ఉంటే రేకు అరిగినాక వేసినది.

తర్వాత పటం అంచు చుట్టూ వేలు పోనీయండి. రాగిరేకు మీద తడి కాగితం పెట్టి రోలరు కింద బలంగా నొక్కుతారు కాబట్టి రేకు సైజుకి కాగితం లోపలికి నొక్కుకుపోయి ఒక గట్టు ఏర్పడుతుంది, చూపుకి ఆనకపోయినా వేలికి తెలుస్తుంది. అంచులు కత్తిరించేసి ఉంటే మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. ఆ తర్వాత భూతద్దం, గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునేదైతే ఇంకా మంచిది. గుట్టల దగ్గర చూడండి. అప్పట్లో ఇలాంటి పటాల్లో ఒకే ఎత్తున్న చోట్లని కలిపే కాంటూరు గీతలు వేసేవాళ్ళు కాదు, గుట్టంటే చీపురుపుల్లలు పరిచినట్టు చిన్న చిన్న గీతలు వాలు వెంబడి గీసేవాళ్ళు, నిటారుగా ఉన్న చోట దగ్గర దగ్గరగా లావుగా, వాలు తక్కువున్న చోట పలచగా. భూతద్దం కింద ఒక్కో గీత మొదట సన్నగా మొదలై లావై మళ్ళీ సన్నగా ముగుస్తుంది, సిరా కాగితం మీద కొద్దిగా ఉబ్బెత్తుగా నిలబడుతుంది. దాని బదులు గీత మొత్తం చుక్కలు చుక్కలుగా, పేపర్లో ఫోటో లాగా కనపడితే ఇంక పరీక్షలేమీ అక్కర్లేదు, అది ఫోటో తీసి అచ్చేసిన కాపీ, ఎంత ముందుదైనా 1880ల ముందుది కాదు. టీ నీళ్ళలో ముంచి పాతది చేసి అమ్మేవాళ్ళున్నారు, ఆ పసుపు అన్ని చోట్లా ఒకే రకంగా ఉంటుంది. నిజంగా పాతబడిన కాగితం అంచుల్లో, మడతల్లో ఎక్కువ, మధ్యలో తక్కువ నల్లబడుతుంది, మడత వేసినప్పుడు ఒకదానికొకటి ఆనుకున్న చోట ఎదుటి పక్క గీతల నీడ కూడా పడుతుంది.

రంగుల గురించి నేను మర్చిపోలేనిది ఒకటి ఉంది. 2009 అక్టోబర్ వరదల్లో కర్నూలు పాతబస్తీలో ఒక ఇంట్లో పటాల కట్ట మొత్తం బురదనీళ్ళలో రెండ్రోజులు ఉండిపోయింది. నేను పోయేసరికి వాళ్ళు వాటిని మిద్దె మీద ఎండలో ఆరేస్తున్నారు, అంచులు అప్పటికే అప్పడాల మాదిరి లేచిపోయినాయి. అన్నీ నీడకి తెచ్చి, బ్లాటింగ్ పేపర్ల మధ్య పెట్టి, పైన పలక పెట్టి, పూటకోసారి కాగితాలు మారుస్తూ ఆరబెట్టినాం. ఒక పటంలో కోట చుట్టూ పచ్చ, ఒక సైన్యానికి ఎరుపు చేత్తో వేసి ఉండె, ఆ ఎరుపంతా కారిపోయి తెల్ల భాగంలోకి పాకింది, పచ్చ ఉన్న చోట కాగితం వెనక గోధుమరంగు తేలింది. అచ్చు గీత ఒక్కటి కూడా చెదరలేదు. చెక్కిన గీత నూనె సిరా, నీళ్ళకి లొంగదు, పైన పూసిన రంగు నీళ్ళ రంగు. ఆ పచ్చ రాగి చిలుముతో చేసినది, అది ఏళ్ళ తరబడి కాగితాన్ని తినేస్తూ పోతుంది. కాబట్టి మీ పటాల్లో పచ్చ గీత ఉన్న చోట మడత పెట్టొద్దు, ఆడే చిరుగుతుంది. తడిగుడ్డతో తుడవడం అసలే వద్దు.

ఇప్పుడు పటం చెప్పేది ఎంతవరకు నమ్మాలి అనేది, ఇది మీరు అడగలేదు కానీ అడగాల్సింది ఇదే అని నా ఉద్దేశం. యుద్ధ పటం అనేది గెలిచినవాడు పై అధికారికి పంపిన రిపోర్టు. గుర్రంకొండనే తీసుకోండి. 1791 నవంబర్లో నిజాం సైన్యం, ఈస్టిండియా కంపెనీ ఫిరంగులు కలిసి పట్టుకున్నది కింది కోటని మాత్రమే, గుట్ట పైన కోట లొంగలేదు, టిప్పు మనుషులే ఉన్నారు. గుర్రంకొండ పట్టుబడింది అని పటం మీద ఒక గుర్తు పెడితే అబద్ధం కాదు, నిజమూ కాదు. మీరు ఆ గుట్ట కింద నిలబడి పైకి చూస్తే కింది కోటకీ పై కోటకీ ఎంత తేడానో మెడ నొప్పి పుట్టేదాకా అర్థమవుతుంది, పటంలో ఆ రెండూ ఒక గోరంత చోటులో కలిసిపోతాయి.

గుత్తి కథ కూడా అంతే. 1776లో హైదర్ అలీ గుత్తిని ముట్టడిస్తే గుత్తి ఏలే మరాఠా మురారి రావు లొంగిపోయింది ఫిరంగులకి కాదు, పైన నీళ్ళైపోయి. నేను ఒక పాత ప్లాన్ నకలు పట్టుకుని తెల్లారుజామున గుత్తి కోట ఎక్కినా, గోడలు, బురుజులు, ద్వారాలు ఒక్కొక్కటీ ప్లాన్‌తో సరిపోతున్నాయి, ఇంజనీరు చేతికి మొక్కాలి, కానీ బండల్లో తొలిచిన నీటి గుంటలు, బావులు దారిపొడవునా కనపడుతుంటే ప్లాన్‌లో అవి ఒకటో రెండో తప్ప లేవు. మురారి రావు గద్దె దగ్గర కూర్చుని ఆ ఎండిన గుంటల్ని చూస్తూ చాలాసేపు ఉండిపోయినా. ఆ ముట్టడిని తేల్చిన విషయమే పటంలో లేదు. గోడ ఎక్కడ పలచన, ఫిరంగి ఎక్కడ పెట్టాలి, గండి ఎక్కడ కొట్టాలి, గీసినవాడికి కావాల్సింది అది, అదే గీశాడు.

కొన్ని యుద్ధాలకి అప్పటి పటమే లేదు. 1751 ఫిబ్రవరిలో మన రాయచోటి పక్క లక్కిరెడ్డిపల్లి దగ్గర నిజాం పదవిలో ఉన్న ముజఫర్ జంగ్ చనిపోయినాడు, కర్నూలు నవాబు హిమ్మత్ ఖాన్ కూడా అక్కడే పోయినాడు, ఫ్రెంచి బుస్సీ సైన్యం పక్కనే ఉంది, ఇంత పెద్ద సంగతి జరిగిన కనుమ ఖచ్చితంగా ఎక్కడా అంటే మనకి మాటల వర్ణనలే ఆధారం. అలాంటి చోట్ల తర్వాతి పటాల్లో రెండు కత్తులు అడ్డంగా వేసి పక్కన సంవత్సరం రాస్తారు, అది ఆ ఊరి పేరుకి వేసిన గుర్తే కానీ ఆ పొలంలో జరిగిందని సర్వే చేసి వేసినది కాదు. 1565 తళ్ళికోట యుద్ధం పటం నా దగ్గర ఉంది, చాలా పాతది అని ఎవరైనా తెస్తే అడుగుతా, ఎప్పుడు గీసింది అని. ఆ రోజు నేల కొలిచి గీసిన పటమేదీ లేదు, బాణాలు, చతురస్రాలు వేసి చూపించేవన్నీ తర్వాతి వాళ్ళ ఊహలు. అందంగా ఉంటాయి, గోడకి పెట్టుకోవచ్చు, సాక్ష్యంగా పెట్టుకోకూడదు. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ మనుషులతో కంపెనీ సైన్యం జోహరాపురం దగ్గర చేసిన యుద్ధానికి ఇంకో చిక్కు, ఆ నేలంతా ఇప్పుడు ఇళ్ళ కిందికి పోయింది, పాత పటం తప్ప ఇంక దిక్కు లేదు. అందుకే ఇలాంటివి పాడవకూడదని నా తపన.

పటంలో ఒకే దళం పేరు రెండు మూడు చోట్ల కనపడితే కంగారు పడకండి, ఒకే పటంలో మూడు గంటల యుద్ధాన్ని చూపించాలి కదా, పొద్దున ఆడ, మధ్యాహ్నం ఈడ అని అక్షరాలు వేసి చూపిస్తారు, మూలన పెట్టెలో ఆ అక్షరాల వివరం ఉంటుంది. 1792 ఫిబ్రవరి 6 రాత్రి కంపెనీ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ మూడు దండులుగా శ్రీరంగపట్నం మీద పడినప్పటి ప్లాన్ మీ దాంట్లో ఉంటే ముందు ఆ పెట్టె చదివి తర్వాతే గీతలు చూడండి. ఓడినవాళ్ళ వైపు కథ కావాలంటే మెకంజీ రాయించిన కైఫీయత్తులు, అంటే ఊర్ల చరిత్రలు, చూడాలి. ఈ కాలిన్ మెకంజీ కూడా ఆ యుద్ధాల్లో పనిచేసిన ఇంజనీరే, తర్వాత 1815లో ఇండియాకే సర్వేయర్ జనరల్ అయినాడు, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య లాంటి మన తెలుగువాళ్ళని పెట్టుకుని ఊరూరి కరణాల దగ్గర చరిత్ర రాయించినాడు. కడప జిల్లా కైఫీయత్తులు కడప సీపీ బ్రౌన్ కేంద్రం వాళ్ళు పుస్తకాలుగా వేశారు, ప్రొద్దుటూరు నుంచి మీకు గంటన్నర దారి. ఫలానా దండు వచ్చి చేలు మేపింది, ఊరు పాడుబడింది అని ఒక్క వాక్యం ఉంటుంది, దాన్ని పటం మీద దారి పక్కన పెట్టి చూడండి.

అమ్మకం సంగతికి వస్తా. రేటు నేను చెప్పను, వస్తువు చూడకుండా రేటు చెప్పడం మంచి పద్ధతి కాదు. కానీ కోసి అమ్మమనేవాడి లెక్క ఏంటంటే ఫ్రేములు కట్టి ఒక్కోటీ విడిగా అమ్మితే వాడికి మిగులు. మీకు మిగిలేది పటాల్లేని పుస్తకం. పుస్తకంలోంచి ఒకసారి విడిపోతే ఏ పేజీ పక్కన ఉండేది, ఏ వివరణకి చెందింది అన్నీ పోతాయి, మళ్ళీ కలపడం ఎవరి వల్లా కాదు. ఇవ్వాలనుకుంటే పూర్తి పుస్తకంగా ఇవ్వండి, లైబ్రరీకో, యూనివర్సిటీకో అయితే ఇంకా సంతోషం. 1972 పురాతన వస్తువుల చట్టం కింద వందేళ్ళు దాటిన వస్తువులు, 75 ఏళ్ళు దాటిన చారిత్రక పత్రాలు ప్రైవేటు వాళ్ళు దేశం బయటికి పంపకూడదు, కొనేవాడు పార్సిల్ ఫారిన్‌కి పోతుందని అంటే ఆడితో మాట ఆపేయండి.

దాచుకునేట్టయితే, లామినేషన్ వద్దు, సెల్లో టేపు వద్దు, ఫెవికాల్ వద్దు. మా దగ్గర ఒక ఊర్లో ఒకాయన ప్రేమకొద్దీ పెద్ద పటం ఒకటి షాపులో లామినేషన్ చేయించినాడు, ఆ వేడికి మడతలు శాశ్వతంగా అచ్చుపడి, రెండేళ్ళకి లోపల బుడగలు లేచినాయి, దాన్ని తీస్తే పటం కూడా వస్తుంది, చేసేదేమీ లేక ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం. చిరుగు ఉంటే గోధుమ పిండి గంజి, పలచటి జపాన్ కాగితంతో వెనక నుంచి అతుకుతారు, ఎప్పుడైనా తడిపి తీసేయొచ్చు, అది కూడా చేసే చేతులకే ఇవ్వండి. మన ఎండలకి బూజు తక్కువే కానీ కాగితం పెళుసెక్కుతుంది, మిద్దె ఎండ నేరుగా తగిలే పై గదిలో ఇనప బీరువాలో పెట్టొద్దు, మే నెలలో అది పొయ్యే. కింది గదిలో చెక్క పెట్టెలో పెట్టండి, గుడ్డ సంచిలో ఎండిన వేపాకు ఒక మూలన, కాగితానికి తగలకుండా.

మీరు ఈ వారంలో నాలుగు ఫోటోలు పెట్టండి. పటం అడుగున సన్నటి అక్షరాలు దగ్గరగా ఒకటి, వెలుతురుకి అడ్డంగా పట్టి ఒకటి, గుర్రంకొండ గుట్ట భూతద్దం పెట్టి ఒకటి, వెన్ను దగ్గర కుట్టు ఒకటి. ప్రతిదాంట్లో పక్కన ఒక స్కేలు పెట్టండి. ఫ్లాష్ వేయొద్దు, మడత రాకపోతే బలవంతంగా లాగొద్దు, వచ్చినంతే చాలు. ఎండలు తగ్గినాక ఆ పెద్ద పటం నకలు ఒకటి తీయించి పెట్టుకోండి, ఒక ఆదివారం గుర్రంకొండకి పోదాం, రాయచోటి నుంచి నేనూ కలుస్తా.